మీ ప్రశ్న – మా జవాబు: వెనక చక్రాలు ఎగురుతుంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పాత అమెరికన్ మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్, ఎక్కువ బలం ఉన్న కార్ల) వాళ్లవే ఎక్కువ. కారు ఏదైనా బాధ ఒకటే: గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే వెనక చక్రాలు నేలను పట్టుకోకుండా దడదడమని ఎగురుతున్నాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వీల్ హాప్‌కే ఇచ్చేస్తున్నాను. మీ కారు పేరు ఇక్కడ లేకపోయినా మొదటి జవాబు మాత్రం చదవండి, అసలు విషయం అందులోనే ఉంది.

ప్రశ్న: నమస్తే సర్. నాది 1967 కెమరో ఎస్ఎస్ 350, నాలుగు గేర్ల మాన్యువల్. వెనక ఒకే పట్టీ ఉన్న కమాన్లు (లీఫ్ స్ప్రింగులు), ఫ్యాక్టరీవే. క్లచ్ కాస్త గట్టిగా వదిలితే చాలు, వెనక భాగమంతా సుత్తితో కొడుతున్నట్టు అదురుతుంది. షాక్ అబ్జార్బర్లు పాతబడ్డాయేమోనని బాగా గట్టివి కొత్తవి వేయించాను, తేడా ఏమీ లేదు. ఇప్పుడు ఒకరు ట్రాక్షన్ బార్లు వేయమంటున్నారు, ఇంకొకరు కమాన్లు మార్చమంటున్నారు, మరొకరు అసలు పట్టించుకోవద్దు, పాత కార్లంటే అంతే అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పట్టించుకోవద్దన్న మాట ముందు పక్కన పెట్టేయండి. చక్రం ఎగిరి మళ్లీ నేలను తాకిన ప్రతిసారీ ఆ దెబ్బ తిన్నగా యాక్సిల్ షాఫ్టుకి, క్రౌన్ వీల్ పళ్లకి, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకి వెళ్తుంది. మామూలుగా ఇంజిన్ ఇచ్చే బలాన్ని తట్టుకునే భాగాలే ఈ దెబ్బలకి విరుగుతాయి. కాబట్టి మొదటి సలహా ఇప్పుడే చెప్తున్నాను: ఎగరడం మొదలైన క్షణంలో కాలు తీసేయండి. ఇంకొంచెం తొక్కితే దాటిపోతుందిలే అనుకునేవాళ్లే డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) పగలగొట్టుకుంటారు.

ఇక కారణం. ఇంజిన్ బలం చక్రాలను ముందుకు తిప్పుతుంటే, దానికి ప్రతిచర్యగా యాక్సిల్ గొట్టం మొత్తం వెనక్కి తిరగాలని చూస్తుంది, అంటే డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది. మీ కారులో దాన్ని ఆపడానికి ఉన్నది ఆ ఒక్క కమాను పట్టీయే. కమాను ముందు సగం పైకి వంగి, వెనక సగం కిందికి వంగి, పక్కనుంచి చూస్తే ఎస్ ఆకారంలోకి వస్తుంది. అలా మెలిపడుతూ బలాన్ని దాచుకుంటుంది. ఒక దశలో టైరు పట్టు వదిలేస్తుంది, బలం ఒక్కసారిగా తగ్గిపోతుంది, కమాను విదిలించుకుంటుంది, బల్ల అంచున పట్టి మీటిన స్కేలులాగా. ఆ విదిలింపుకి టైరు నేలకు కొట్టుకుని మళ్లీ పట్టు దొరుకుతుంది, మళ్లీ మెలి పడుతుంది. ఇదంతా సెకనుకి ఎన్నోసార్లు జరుగుతుంది కాబట్టి మీకు సుత్తి దెబ్బల్లా వినిపిస్తోంది.

ఇది అర్థమైతే మీ కొత్త షాక్ అబ్జార్బర్లు ఎందుకు పనిచేయలేదో కూడా అర్థమవుతుంది. 1967 కెమరోలో రెండు షాక్ అబ్జార్బర్లూ యాక్సిల్‌కి ముందువైపే ఉంటాయి. రెండూ ఒకేవైపు ఉన్నప్పుడు, యాక్సిల్ కొంచెం లేస్తూ అదే సమయంలో కొంచెం తిరుగుతూ, షాక్ అబ్జార్బర్లను పెద్దగా కదిలించకుండానే ఊగగలిగే దారి ఒకటి మిగిలిపోతుంది. వాటిని ఎంత గట్టివి వేసినా కదలనిదాన్ని అవి ఎలా ఆపుతాయి? కెమరో చేసిన షెవ్రొలే వాళ్లకే ఈ సంగతి తెలిసొచ్చి 1968లో ఒక షాక్ అబ్జార్బర్‌ని యాక్సిల్‌కి ముందు, ఇంకోదాన్ని వెనక పెట్టారు, ఎక్కువ శక్తి ఉన్న మోడళ్లకి పలు పట్టీల కమాన్లు ఇచ్చారు. అలా పెడితే యాక్సిల్ తిరగబోయినప్పుడు ఒకటి నొక్కుకుంటుంది, ఇంకొకటి సాగుతుంది, రెండూ ఆ తిరగడాన్ని అడ్డుకుంటాయి. 1968 మధ్యలో ఫోర్డ్ 428 కోబ్రా జెట్ మస్టాంగ్ తెచ్చినప్పుడు నాలుగు గేర్ల కార్లకి చేసింది కూడా సరిగ్గా ఇదే. 1967లో కూడా కొన్ని బలమైన కెమరోలకి కుడివైపు యాక్సిల్ నుంచి బాడీకి ఒక రాడ్ వేసి పంపారు. కుడివైపే ఎందుకంటే, ప్రొపెల్లర్ షాఫ్ట్ మెలితిప్పు వల్ల ముందుగా తేలికయ్యేది కుడి వెనక చక్రమే. మీ కారుకి ఆ రాడ్ ఉందో లేదో రాయలేదు. చూడండి, ఉండి బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టాలు) చచ్చిపోయి ఉంటే లేనట్టే లెక్క.

ఏదైనా కొనేముందు కారుని గట్టి స్టాండ్ల మీద ఎక్కించి, స్టాండ్లు యాక్సిల్ కిందే పెట్టి, ఒక లైటు పట్టుకుని కిందికి దూరండి. యాక్సిల్ మీద కమాను కూర్చునే మెత్తల (ఇనుప పీఠాల) దగ్గర, యూ బోల్టుల ప్లేటు అంచున జాగ్రత్తగా చూడండి. సన్నటి ఎర్రటి పొడి, తుప్పుని నూరినట్టుండే పొడి గీతలా కనిపించినా, ఒకచోట మాత్రం ఇనుము పాలిష్ పట్టినట్టు తళతళలాడినా, అక్కడ రెండు భాగాలు ఒకదానిమీద ఒకటి జరుగుతున్నాయని అర్థం. యూ బోల్టులు సాగిపోయి ఉంటాయి. బిగించి వదిలేయకండి, కొత్తవి వేయండి, వేసిన తర్వాత కొన్ని వందల మైళ్లు తిరిగాక మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి చూడండి. తర్వాత కమాను ముందు కన్నులోని (పట్టీ చివర చుట్టలా తిరిగి బాడీకి బిగించే చోటిలోని) బుష్. మధ్యలో ఉండాల్సిన ఇనుప గొట్టం ఒక పక్కకి జారిపోయి, రబ్బరు ఒకవైపు పలచగా నలిగి, ఇంకోవైపు చీలిక కనిపిస్తుంటే ఆ బుష్ పని అయిపోయింది. యాక్సిల్‌ని ముందుకు నెట్టే బలమంతా బాడీకి చేరేది ఈ ఒక్క బుష్ ద్వారానే, అందుకే ఇక్కడ కొద్దిపాటి వదులున్నా ఊపు మొదలవడానికి సరిపోతుంది. మెత్త యాక్సిల్ గొట్టానికి అతుక్కున్న వెల్డింగు దగ్గర వెంట్రుకవాసి పగులు ఉందేమో కూడా చూడండి. గేర్‌బాక్స్ వెనకున్న రబ్బరు మౌంటు, ఇంజిన్ మౌంట్లు, క్రాసులు కూడా అదే పూటలో చూసేయవచ్చు.

ఇవన్నీ బాగుంటే, లేదా బాగుచేశాక కూడా ఎగురుతుంటే (మీ కారు ఎగురుతుందనే నా అంచనా), అప్పుడు కమాన్లు మార్చండి. ఒకే పట్టీ కమాను మీద 350 ఇంజిన్ బలానికి న్యాయం జరగదు. పలు పట్టీల కట్ట వేయండి, కానీ ట్రక్కు కమానులా బండరాయిలా ఉండేది వద్దు. కట్టలో ముందు సగం పట్టీల్ని క్లిప్పులతో గట్టిగా బిగించి ఉంచాలి, వెనక సగం క్లిప్పులు కాస్త వదులుగా ఉండాలి. మెలిపడేది ముందు సగం కాబట్టి గట్టిదనం అక్కడ కావాలి, గతుకుల్లో మెత్తదనం వెనక సగం ఇస్తుంది. రబ్బరు బుష్‌లు వేస్తే ఒక నియమం తప్పకుండా పాటించాలి: కారు చక్రాల మీద నిలబడి బరువు పడ్డాకే కన్ను బోల్టుల్ని చివరిగా బిగించాలి. గాల్లో వేలాడుతున్నప్పుడే బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడిన స్థితిలోనే ఉండి తొందరగా చిరిగిపోతుంది. కన్ను దగ్గర పాలీయూరితేన్ (రబ్బరుకన్నా గట్టి ప్లాస్టిక్) బుష్ వేసినా ఈ కారుకి ఇబ్బంది లేదు, కొంచెం శబ్దం పెరుగుతుంది అంతే.

ట్రాక్షన్ బార్లు నేను వద్దనను. మామూలు స్లాపర్ బార్ అంటే యాక్సిల్ దగ్గర కమాను కింద బిగించి, ముందుకి చాచిన ఒక ఇనుప చేయి, దాని చివర రబ్బరు దిమ్మ. యాక్సిల్ ముక్కు లేవబోతే ఆ దిమ్మ పైకి లేచి కమానుకి తగిలి అక్కడితో మెలి ఆగిపోతుంది. పాత పద్ధతే అయినా పనిచేస్తుంది. అయితే ఆ దిమ్మ సరిగ్గా కమాను ముందు కన్ను కిందికే రావాలి. బార్ పొట్టిగా ఉండి దిమ్మ పట్టీ మధ్యలో తగిలితే మీరు ప్రతి స్టార్ట్‌లోనూ కమానుని అక్కడ విరవడానికి ప్రయత్నిస్తున్నట్టే. కారు నిలబడి ఉన్నప్పుడు దిమ్మకీ కమానుకీ మధ్య అంగుళం లోపు ఖాళీతో మొదలుపెట్టి, కుడివైపు ఎడమకన్నా ఇంకాస్త తక్కువ ఉంచండి. ఇంతకన్నా మంచి ఏర్పాటు కాల్‌ట్రాక్స్ రకం బార్. అందులో యాక్సిల్ తిరిగే బలాన్ని ఒక రాడ్ ముందుకి తీసుకెళ్లి, కన్ను దగ్గరున్న చిన్న తిరుగుడు ముక్క ద్వారా కమానుని కిందికి నొక్కుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ మెలిని ఆపడంతో సరిపెట్టకుండా టైరుని నేలకి అదుముతుంది కూడా. డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి రేసు బాటకి) వెళ్లే ఆలోచన ఉంటే నేరుగా దానికే వెళ్లండి.

చివరిది పినియన్ కోణం, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే డిఫరెన్షియల్ ముక్కు ఏ వాలులో ఉందన్నది. కమాన్లు మారిస్తే ఇది కచ్చితంగా మారుతుంది, చాలామంది కొలవరు. బలం పడ్డప్పుడు ముక్కు ఎలాగూ పైకి లేస్తుంది కనుక, కారు నిలబడి ఉన్నప్పుడు పినియన్ ముక్కు ప్రొపెల్లర్ షాఫ్ట్ గీతకన్నా రెండు మూడు డిగ్రీలు కిందికి చూస్తూ ఉండాలి. తక్కువైతే యాక్సిల్ మెత్తకీ కమానుకీ మధ్య వాలుగా ఉండే షిమ్ (పలచటి లోహపు బిళ్ల) పెడతారు, మీ కారులో మందపాటి వైపు వెనక్కి ఉంటే ముక్కు దిగుతుంది. ఇనుప షిమ్‌లే తీసుకోండి, మెత్తటి అల్యూమినియంవి ఆ ఒత్తిడికి నలిగి విరిగిపోతాయి, అప్పుడు యూ బోల్టులు వదులై కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ కింద చిన్న కెమెరా గట్టిగా బిగించి ఒక స్టార్ట్ తీసి, నెమ్మదిగా చూసుకోండి. డిఫరెన్షియల్ ముక్కు ఎంత లేస్తోందో, ఏ వైపు ముందు లేస్తోందో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. ఎవరి సలహాకన్నా అదే నమ్మదగింది.

ప్రశ్న: మాది 1970 చెవెల్ ఎస్ఎస్ 396, ఆటోమేటిక్. వెనక కాయిల్ స్ప్రింగులు, నాలుగు ఆర్ములు (యాక్సిల్‌ని చట్రానికి కలిపే చేతులు). చక్రాలు ఎగురుతున్నాయని అన్ని బుష్‌లూ పాలీయూరితేన్‌వి వేయించాను. ఎగరడం కొంత తగ్గింది. కానీ ఇప్పుడు మలుపుల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద వెనక భాగం బిగుసుకుపోయినట్టుంది, కిర్రుమంటోంది. ఏం తప్పు జరిగింది? అలాగే స్లాపర్ బార్లు నా కారుకి పనికొస్తాయా?

జవాబు: స్లాపర్ బార్లు కమాన్ల కోసం. మీ కారుకి అవి అక్కర్లేదు, అమ్మేవాళ్లున్నా కొనకండి.

మీ కారులో యాక్సిల్‌ని తిరగకుండా పట్టుకునేవి నాలుగు ఆర్ములు. కింది రెండు ఇంచుమించు తిన్నగా ముందుకి వెళ్తాయి, పై రెండు ఏటవాలుగా. పైవాటికి రెండు పనులు: యాక్సిల్ తిరగకుండా ఆపడం, పక్కకి జరగకుండా ఆపడం. కారు ఒకవైపుకి ఒరిగినప్పుడు ఈ ఏటవాలు ఆర్ములు తమ బుష్‌లలో మెలితిరగాలి. రబ్బరు ఆ మెలిని సాగి ఇచ్చేస్తుంది. పాలీయూరితేన్ గుండ్రంగా తిరగనిస్తుంది కానీ పక్కకి వంగనివ్వదు, అందుకే బిగుసుకుపోయిందని మీకు అనిపించేది నిజమే. ఆ బిగుతు ఎక్కడో ఒకచోట బయటపడాలి, అది పై ఆర్ముల చట్రం మీదో, డిఫరెన్షియల్ పైనున్న చెవుల మీదో పడుతుంది. కాబట్టి కింది ఆర్ములకి పాలీ అలాగే ఉంచండి. పై ఆర్ములు డిఫరెన్షియల్‌ని పట్టుకునే చోట, ఆ పోత చెవుల్లోకి నొక్కి పెట్టేచోట, మంచి గట్టి రబ్బరు బుష్‌లు లేదా గోళాకారపు జాయింట్లు వేయించండి. బుష్‌లు తీసినప్పుడు ఆ చెవుల రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయా, అరిగి కోడిగుడ్డులా అయ్యాయా, చుట్టూ పగుళ్లున్నాయా అని కూడా చూడమనండి.

ఎగరడం పూర్తిగా పోవాలంటే మాత్రం బుష్‌లతో సరిపోదు. ఫ్యాక్టరీ ఆర్ములు కింద తెరిచి ఉన్న రేకు ఛానెళ్లు, గట్టిగా తొక్కితే అవే మెలితిరుగుతాయి. కింది ఆర్ములు పెట్టెలా నాలుగువైపులా మూసినవి వేయాలి. ఇది కొత్త ఆవిష్కరణేమీ కాదు, ఇదే చట్రం మీద ఓల్డ్స్‌మొబైల్ తన 442కి మూసిన కింది ఆర్ములు, వాటి మధ్య వెనక స్టెబిలైజర్ బార్ ఫ్యాక్టరీలోనే వేసింది. పై ఆర్ము ముందు మౌంటునీ కింది ఆర్ము ముందు మౌంటునీ కలిపే బ్రేస్ రాడ్లు ఈ కుటుంబంలో కొన్ని కార్లకి కంపెనీయే ఇచ్చింది, మీ కారుకి లేకపోతే వేయండి. చవకైన పని, చాలా ఉపయోగం. పై మౌంటు చట్రం మీద వెనకాముందూ ఆడటం దానితో ఆగిపోతుంది.

ఆ తర్వాత జ్యామితి. ఆర్ముల కోణాలని బట్టి, గట్టిగా తొక్కినప్పుడు కారు వెనక కూలబడుతుందా, నిలబడుతుందా అన్నది తేలుతుంది. స్ప్రింగులు కోసి లేదా పొట్టివి వేసి వెనక భాగం దించి ఉంటే ఆ కోణాలు చెడిపోయి టైరు మీద పడాల్సిన అదుము తగ్గిపోతుంది. మీ ఉత్తరంలో ఎత్తు గురించి లేదు, కానీ ఎవరో మునుపటి ఓనరు దించేసి ఉండవచ్చు, ఫ్యాక్టరీ ఎత్తుతో పోల్చి కొలవండి. నో-హాప్ బార్లని అమ్మేవి నిజానికి బార్లు కాదు, డిఫరెన్షియల్ చెవుల మీద బిగించి పై ఆర్ముల వెనక చివరని పైకి లేపే బ్రాకెట్లు. అవి అదుము పెంచుతాయి, చెవెల్‌లలో బాగా పనిచేస్తాయి. కానీ వాటికి ఒక మూల్యం ఉంది: గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక భాగం తేలికయ్యే గుణం పెరుగుతుంది, బ్రేకుల్లో ఎగరడం మొదలుకావచ్చు. అందుకే నా మాటగా, ముందు మూసిన ఆర్ములు, బ్రేసులు, సరైన ఎత్తు. ఇంకా కావాలంటేనే బ్రాకెట్లు. వాటిని వేస్తే పినియన్ కోణం మారుతుంది కనుక పొడవు సర్దుకునే పై ఆర్ములు కూడా తప్పవు. ఈ నాలుగు ఆర్ముల కార్లకి ముక్కు ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంటే చాలు.

మీది ఆటోమేటిక్ కాబట్టి ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఖాళీ స్థలంలో ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, డ్రైవ్‌లో పెట్టి కాస్తంత యాక్సిలరేటర్ ఇవ్వాలి. మీరు పక్కన, దూరంగా నిలబడి చూడాలి. కారు ముందో వెనకో ఎవరూ ఉండకూడదు, కింద అసలే ఉండకూడదు. ఆర్ము చివర బోల్టు దగ్గర, ముందు మౌంటు దగ్గర ఏది ఎంత కదులుతోందో పక్కనుంచే తెలిసిపోతుంది.

ప్రశ్న: నా 1969 ప్లిమత్ రోడ్ రన్నర్ (383) డిఫరెన్షియల్ ముక్కు మీద ఒక రబ్బరు దిమ్మ ఉంది. అది సగం రాలిపోయింది. ఎందుకూ పనికిరాదు, తీసేయమన్నాడు మా మెకానిక్. ఈమధ్యే చక్రాలు ఎగరడం మొదలైంది. రెండింటికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది, తీసేయకండి, కొత్తది వేయండి. దాన్ని పినియన్ స్నబ్బర్ అంటారు. డిఫరెన్షియల్ ముక్కు లేచినప్పుడు అది పైనున్న కారు నేల రేకుకి తగిలి ఇక లేవనివ్వకుండా ఆపుతుంది. ప్లిమత్ చేసిన క్రైస్లర్ వాళ్లు మెలి సమస్యని మిగతావాళ్లకన్నా తెలివిగా పరిష్కరించారని నా అభిప్రాయం. కమానులో యాక్సిల్‌ని మధ్యలో కాకుండా ముందుకి జరిపి పెట్టారు. దాంతో ముందు సగం పొట్టిగా, గట్టిగా ఉంటుంది, మెలిపడటానికి చోటే తక్కువ. వెనక సగం పొడవుగా ఉండి గతుకులు మింగుతుంది. ఆపైన ఈ స్నబ్బర్. ఈ ఏర్పాటు సరిగ్గా ఉంటే మీ కారుకి ట్రాక్షన్ బార్ల అవసరమే రాదు.

స్నబ్బర్ ఎత్తు సర్దుకునేవి కూడా దొరుకుతాయి. డ్రాగ్ రేసులకి వెళ్లేవాళ్లు నేల రేకుకి అంగుళం లోపు ఖాళీ ఉంచుతారు. రోడ్డు మీద అంత దగ్గర పెడితే ప్రతి గతుక్కీ వీపు కింద గుద్దు పడుతుంది, కాబట్టి మామూలు ఎత్తుదే చాలు. అది తగిలేచోట నేల రేకు లోపలికి సొట్టపోయి ఉందేమో చూడండి, పోతే ముందు దాన్ని సరిచేయాలి. యాభై ఏళ్లు దాటిన కమాన్లు ముందు సగంలో చదునైపోయి ఉంటే స్నబ్బర్ ఒక్కటీ కాపాడలేదు. మార్చేటప్పుడు సూపర్ స్టాక్ కమాన్లు (డ్రాగ్ రేసుల రకం) తీసుకుంటే కుడిదీ ఎడమదీ వేర్వేరుగా ఉంటాయి. కుడి చక్రం తేలికవకుండా అలా చేశారు, తారుమారు చేయకండి.

ప్రశ్న: అందరూ తొక్కినప్పుడు ఎగురుతుందంటారు, నా 1966 మస్టాంగ్ గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఎగురుతుంది! కారు కిందికి కనిపించాలని కమానుకీ యాక్సిల్‌కీ మధ్య రెండంగుళాల దిమ్మలు పెట్టించాను. స్లాపర్ బార్లు కూడా ఉన్నాయి. మరి ఎందుకు?

జవాబు: ముందుగా అనుమానించాల్సింది ఆ దిమ్మలనే. యాక్సిల్‌కీ కమానుకీ మధ్య అదనంగా ఒక దిమ్మ చేరితే ఆ బిగింపు మునుపటంత గట్టిగా ఉండకపోవచ్చు.  కారు ఎత్తు తగ్గించాలని ఉంటే కన్ను తిరగేసి చేసిన కమాన్లు, లేదా వంపు తగ్గించి చేసిన కమాన్లు వేసుకోండి, దిమ్మలు తీసేయండి. పొడవైన యూ బోల్టులు కూడా పోతాయి, అదొక లాభం.

స్లాపర్ బార్లు ఆదుకోలేదెందుకంటే అవి ఒకే దిశలో పనిచేస్తాయి. బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ ముక్కు పైకి కాదు, కిందికి తిరుగుతుంది, అప్పుడు దిమ్మ కమానుని వదిలి దూరం జరిగిపోతుంది. రెండు దిశల్లో పట్టుకోవాలంటే యాక్సిల్‌కీ బాడీకీ మధ్య ఒక రాడ్ ఉండాలి. 1965 షెల్బీ జీటీ350లో యాక్సిల్ పైభాగం నుంచి కారు లోపలికి వెళ్లే ఓవర్‌రైడ్ ట్రాక్షన్ బార్లు ఆ పనే చేసేవి. రేసు ట్రాక్ మీద తొక్కడమెంత ముఖ్యమో బ్రేకు అంత ముఖ్యం కదా, వాళ్లు అలా ఆలోచించడంలో ఆశ్చర్యం లేదు. మీకు అంత అవసరం రాకపోవచ్చు. దిమ్మలు తీశాక కూడా బ్రేకుల్లో ఎగురుతుంటే వెనక డ్రమ్ములు గుండ్రంగా ఉన్నాయో లేదో కొలిపించండి, తర్వాత వెనక బ్రేకులు ముందువాటికన్నా ముందే బిగుస్తున్నాయేమో చూడండి. ముందు డిస్కులు వేయించి వెనక డ్రమ్ములు అలాగే ఉంచేసిన కార్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. వెనక లైనులో ప్రెషర్ తగ్గించే వాల్వ్ పెట్టి సర్దుకోవాలి.

ప్రశ్న: వెనక టైర్లలో గాలి బాగా తగ్గిస్తే వీల్ హాప్ పోతుందని విన్నాను. నిజమేనా?

జవాబు: డ్రాగ్ స్లిక్‌లకి (గాడులు లేని రేసు టైర్లకి) తక్కువ గాలి పెడతారు, వాటి గోడలు అలా నలగడానికే తయారయ్యాయి, ఆ కార్లు స్ట్రిప్ మీద తిన్నగా మాత్రమే వెళ్తాయి. రోడ్డు మీద తిరిగే రేడియల్ టైరులో గాలి బాగా తగ్గిస్తే టైరు వేడెక్కుతుంది, మలుపుల్లో కారు మాట వినదు. పైగా మెత్తబడ్డ టైరు గోడ కూడా ఒక స్ప్రింగే, కొన్ని కార్లలో ఎగరడం దానివల్ల పెరుగుతుంది కూడా. అవసరానికి మించి గాలి కొట్టి ఉంటే సరైన లెక్కకి దించండి, అంతవరకే. కొత్తగా బాగా పట్టున్న టైర్లు వేయించిన తర్వాత ఎగరడం మొదలైందా? అయితే తప్పు టైర్లది కాదు. పాత టైర్లు మెలి పూర్తయ్యేలోపే జారిపోయి వదులు బుష్‌ల్ని దాచిపెట్టాయి, కొత్తవి జారడం లేదు. కారుని స్టాండ్ల మీదికి ఎక్కించి కమాను ముందు కన్ను బుష్ నుంచి మొదలుపెట్టండి.